ప్రైమర్‌కి చిల్లు పడుతోందా? పాత జోడు గొట్టాల తుపాకీకి సొంత వైద్యం

తాతగారు పోతూ పోతూ నాలుగెకరాల మెట్ట, ఒక తెగని దావా, ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ వదిలి వెళ్ళారనుకోండి. మెట్టని అన్నదమ్ములు పంచుకున్నారు. దావా ప్లీడరుగారి పిల్లల చదువులకి అక్కరకొస్తోంది. తుపాకీ మీ వాటాకొచ్చింది. లైసెన్సు మీ పేరుకి మారేలోగా మీ జుట్టు కొంత నెరిసింది కూడా. ఎట్టకేలకి ఒకనాడు తూటా పెట్టి పేల్చారు. పొగంతా ముందుకి పోవాలి కదా, కాస్త వెనక్కొచ్చి కనుబొమల్ని పలకరించింది. తెరిచి చూస్తే తూటా అడుగున ప్రైమర్ మీద, పిన్ను కొట్టిన గుంట నట్టనడుమ, సన్నటి చిల్లు. చుట్టూ మసి.

ఇలాంటప్పుడు కంగారుపడి లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. వందేళ్ళ తుపాకీ అది. మూడు తరాల సొంత వైద్యంతో ఇంతదాకా వచ్చింది. ఆ సంప్రదాయం మీ హయాంలో చెడిపోకూడదంటే ఏమేం చెయ్యాలో చెబుతాను. శ్రద్ధగా పాటిస్తే ఇప్పుడు నాలుగు తూటాలకోసారి పడుతున్న చిల్లు ప్రతి తూటాకీ పడేలా చేసుకోవచ్చు.

ముందు ఈ చిల్లుని ఎందుకు పట్టించుకోనక్కర్లేదో చూద్దాం. ప్రైమర్ అంటే చిన్న లోహపు గిన్నె, దాని లోపల దెబ్బకి అంటుకునే మందు. ఫైరింగ్ పిన్ను ఆ గిన్నెని గుంట పడేలా కొట్టాలిగాని చీల్చకూడదు. అసలు మందు అంటుకున్నాక గొట్టంలో పుట్టే ఒత్తిడికి వెనకవైపు అడ్డుగా నిలిచేది ఆ పల్చటి రేకే. ఈనాటి మామూలు పన్నెండు బోరు తూటాకి యూరప్ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు. కారు టైరులో మీరు కొట్టించుకునే గాలికి మూడు వందల రెట్ల పైమాటే. అందులో ఓ పిసరు ఆ చిల్లులోంచి పిన్ను రంధ్రంలోకి, అక్కణ్ణించి హ్యామర్, స్ప్రింగు ఉండే లాకు లోపలికి, దారి దొరికితే మీ కుడికంటి వైపుకి వస్తుంది. వేడి గ్యాసు, దాంతోపాటు కాలిన మందు తునకలు, తెగిన రేకు ముక్కలు. ఓ పిసరేగా! కళ్ళజోడు పెట్టుకుంటే గురి కుదరదు, తీసి జేబులో పెట్టుకోండి.

కాల్చిన తూటాల్ని మాత్రం చచ్చినా దాచకండి. ఎక్కడివక్కడ గట్టు మీద పారేసి రండి. కొందరు చాదస్తులుంటారు. వాళ్ళు ఖాళీ తూటాల్ని ఇంటికి తెచ్చి, ఏది కుడి గొట్టంలోదో ఏది ఎడమ గొట్టంలోదో స్కెచ్ పెన్నుతో రాసి, బల్ల మీద వరసగా నిలబెట్టి, బ్యాటరీ లైటు పక్కనించి కొట్టి భూతద్దంలో చూస్తారు. గుంట నున్నగా, గుండ్రంగా ఉండి అడుగున మాత్రం చిల్లుంటే పిన్ను మరీ లోతుకి వస్తోందని, కాదా మొన వాడిగా ఉందని అంటారు. గుంట ఒక పక్కకి గీసుకుపోయి ఉంటే, పిన్ను వెనక్కి తగ్గకముందే గొట్టాలు కిందికి వంగాయని అంటారు. గుంట చుట్టూ లోహం గట్టు కట్టి లేచి ఉంటే పిన్ను రంధ్రం అరిగి పెద్దదైందని, ప్రైమర్ లోహం అందులోకి ఉబికిందని తేలుస్తారు. నడుమ చిల్లేమీ లేకుండా ప్రైమర్ అంచు వెంబడే మసి వలయం కనిపిస్తే, ఇది అసలు చిల్లు జబ్బే కాదు, ప్రైమర్ తూటాలో వదులుగా కూర్చుంది, తప్పు తూటాది అని పక్కన పెట్టేస్తారు.

ఇంకా ఉంది. ఒక్కోసారి ఆ చిల్లు పడ్డచోట ఆవగింజలో సగం కూడా లేని బిళ్ళ గుండ్రంగా తెగిపోయి ఉంటుంది. ఆ బిళ్ళ ఎక్కడికెళ్ళిందని వాళ్ళు వెతుకుతారు. పిన్ను రంధ్రంలోంచి లాకులోకి రాలి, అక్కడ పిన్ను పక్కన ఇరుక్కుని, ఇంకో రోజు పిన్నుని సగం దారిలో ఆపేస్తుందట. లేదంటే ముందుకి పొడుచుకొచ్చినది వెనక్కి పోకుండా బిగించేస్తుందట. అలా మొన బయటికి నిలబడిపోయిన తుపాకీలో కొత్త తూటా పెట్టి గట్టిగా మూస్తే ఏమవుతుందో ఊహించుకుని వాళ్ళు భయపడతారు. ఇవన్నీ తెలుసుకున్నకొద్దీ నిద్ర చెడుతుంది. అందుకే అన్నాను, పారేసి రండి.

ఏ గొట్టంలో చిల్లు పడుతోందన్నది కూడా మీకు అనవసరం. రెండు ట్రిగ్గర్ల తుపాకీలో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది. వేలు అలవాటుగా దాని మీదికే పోతుంది కాబట్టి ఇన్నేళ్ళలో కుడివైపు పిన్నే ఎక్కువ చాకిరీ చేసి ఉంటుంది. ఒకే పెట్టెలోవి నాలుగు కుడివైపు, నాలుగు ఎడమవైపు పేల్చి చూస్తే, ఒక్క వైపే చిల్లు పడితే తప్పు తుపాకీదని ఇట్టే తెలిసిపోతుంది. రెండువైపులా పడుతూ, అవే తూటాలు నిక్షేపంలాంటి మరో తుపాకీలో దాని లైసెన్సుదారు పేల్చినా పడితే తప్పు తూటాదని తేలుతుంది. పైసా ఖర్చులేని పరీక్ష. పైసా ఖర్చులేనిదానికి గౌరవమేముంటుంది? మీరు నాలుగు రకాల పెట్టెల్లోంచి తూటాలు తీసి ఒకే సంచిలో కలిపేసుకోండి. అప్పుడు ఏ చిల్లు ఎందుకు పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇక అసలు వైద్యం. ఇది నూనెతో మొదలవుతుంది.

ఎన్నికల కోడ్ వచ్చింది, తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమన్నారు. తుప్పు పట్టకూడదని లాకులోకి కొబ్బరినూనో ఆముదమో ధారాళంగా పొయ్యండి. తుపాకీ నూనె, గుడ్డముక్కతో పల్చగా రాయడం, ఇవన్నీ పుస్తకాల్లో మాటలు. ఇంట్లో ఉన్న నూనెకేం తక్కువ? నెలల తరవాత తుపాకీ తిరిగొచ్చేసరికి ఆ నూనె దుమ్ముతో కలిసి జిగురై, స్ప్రింగుకీ హ్యామర్‌కీ మధ్య చక్కగా గడ్డకట్టి ఉంటుంది. చలికాలం ఉదయమైతే మరీ శ్రేష్ఠం, కొబ్బరినూనె పేరుకుంటుంది కదా. హ్యామర్ నెమ్మదిగా కదులుతుంది. పిన్ను ప్రైమర్‌ని తట్టి ఊరుకుంటుంది. తూటా పేలదు.

ఇప్పుడు తప్పు జిగురుదని అనుకుంటే కథ ఇక్కడితో ఆగిపోతుంది. లాకు విప్పించి కడిగిస్తే సరిపోయేది కాస్తా సరిపోతుంది. అలా కాకుండా తప్పు పిన్నుదని తీర్మానించండి. పాపం మొద్దుబారిందని జాలిపడి, ఆకురాయి తెచ్చి మొన చెక్కండి. నిజానికి ఆ మొన అర్ధగోళంలా నున్నగా ఉండాలని, బయటికి పొడుచుకొచ్చేది సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర్లోనే ఉండాలని, అంతకి ఎక్కువైతే రేకు చిరుగుతుందని, బాగా తక్కువైతే పేలదని చాదస్తులు కొలిచి మరీ చెబుతారు. మీకు కొలత ఎందుకు? గోరు మీద పెట్టి చూడండి, గుచ్చుకుంటే పదునొచ్చినట్టే.

ఆ రోజు సాయంత్రం ఫలితం తెలుస్తుంది.

"పేలిందా అబ్బాయ్?"

"పేలింది బాబాయ్. కాని కంటి పక్కన ఏదో చురుక్కుమంది."

"పేలిందా లేదా, అది చెప్పు."

"పేలింది."

"మరింకేం? ఆకురాయి ఇటు తే, రెండోదానిక్కూడా పెడదాం."

ఈ చికిత్సలో ఉన్న అందం ఏమిటంటే ఒక్కసారి మొదలుపెడితే మిగతాది అదే చూసుకుంటుంది. చిల్లులోంచి వెనక్కి తన్నే వేడి గ్యాసు పిన్ను మొనని తినేస్తుంది. మొన మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, వాటి అంచులు బ్లేడులా తేలతాయి. ఆ అంచులు మరుసటి ప్రైమర్‌ని మరింత సులువుగా కోస్తాయి. మరింత గ్యాసు వస్తుంది, మరిన్ని గుంటలు పడతాయి. ఈలోగా గ్యాసు పిన్ను రంధ్రం అంచుల్ని కూడా కొరికి వెడల్పు చేస్తుంది. తుపాకీ తెరిచి, తూటా వీపు ఆనే ఉక్కు ముఖం మీద కుడి రంధ్రం చూడండి. చుట్టూ మసి పట్టిన వలయం, దాన్ని తుడిస్తే కింద వేలికి గరుగ్గా తగిలే ఉక్కు. ఎడమ రంధ్రం పక్కనే నున్నగా, అంచు చెక్కుచెదరకుండా ఉంటుంది, మీరింకా దాన్ని బాగుచెయ్యలేదు గనక. వెడల్పైన రంధ్రంలో ప్రైమర్‌కి ఆసరా ఉండదు. ఇక కొత్త పిన్ను వేసినా చిల్లు మానదు. ఇంతటి స్వయంసమృద్ధి వేరే ఏ రిపేరులోనూ చూడం.

మీ తుపాకీ బాక్స్‌లాక్ అయితే అదృష్టవంతులు. 1875లో బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీ మనుషులు ఆన్సన్, డీలీ పేటెంటు తీసుకున్న ఏర్పాటు అది. దాన్ని అనుసరించిన పాత తుపాకులు చాలావాటిలో పిన్ను విడి భాగం కాదు, లోపలి హ్యామర్ ముక్కే పిన్ను. అంటే ఆకురాయి పట్టినప్పుడు మీరు చెక్కింది ఒక చిల్లర సామానుని కాదు, హ్యామర్ మొత్తాన్ని. మళ్ళీ మామూలుగా చెయ్యాలంటే ఆ హ్యామర్‌కి కొత్త ముక్కు అతికి, చెక్కి, నీళ్ళు పట్టాలి, కాకపోతే కొత్త హ్యామరే చేయించాలి. ఒక్క ఆకురాయితో ఇంత పెద్ద పని పుట్టించగలగడం తేలికేమీ కాదు.

మంచి రకం ఇంగ్లీషు తుపాకుల్లో మాత్రం పనివాళ్ళు మీకు అడ్డంపడి ఉంటారు. పిన్ను రంధ్రం ఉక్కు ముఖంలో నేరుగా కాకుండా, మరచుట్లున్న గుండ్రటి బిళ్ళలో ఉంటుంది. గ్యాసు తినేస్తే బిళ్ళ మారిస్తే చాలు, ముఖం ముట్టుకోనక్కర్లేదు. ఆ బిళ్ళ మీద రెండు సన్నటి గుంటలు కనిపిస్తాయి, దాని కొలతకి చేసిన తాళంచెవి వాటిలో పట్టించి తిప్పాలి. మీరు మేకు పెట్టి సుత్తితో కొట్టండి, అదే తిరుగుతుంది. తిరక్కపోతే గుంటల రూపం పోతుంది, అప్పుడు తాళంచెవి ఉన్నవాడికి కూడా అది తిరగదు. కొన్నింటికి ముఖం మీద చిన్న గాడులో రంధ్రాలో ఉంటాయి. ప్రైమర్ చిరిగితే గ్యాసు మొహం మీదికి రాకుండా పక్కకి పోవడానికి పెట్టినవి. వాటిని అరుగుదలగా భావించి ఎంసీల్‌తో మూసెయ్యండి. అలాగే పాత ఇంగ్లీషు మరల గాడులు చాలా సన్నం. మామూలు స్క్రూడ్రైవరు అందులో దిగదు, కనుక బలవంతంగా దింపండి.

అరిగిపోయిన పిన్నుకి బదులు కొత్తది ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఊళ్ళో లేత్ మిషన్ ఉంది కదా! సైకిలు చువ్వ, కాంక్రీటు మేకు, విరిగిన డ్రిల్ బిట్టు, ఏది కనిపిస్తే అది. ఉక్కు మెత్తనిదైతే నాలుగు దెబ్బలకి మొన చదునై ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంటుంది. మరీ గట్టిదైతే మొన పెళుసుగా విరిగి, విరిగినచోట గాజుపెంకు వాడి వస్తుంది. ఎలా చూసినా ప్రైమర్‌కి చిల్లు ఖాయం. గన్‌స్మిత్ అయితే సరైన ఉక్కు ఎంచి, కాల్చి నీళ్ళు పట్టించి, మళ్ళీ కాస్త వేడిచేసి పెళుసు తగ్గించి, మొన నున్నగా మెరుగు పెట్టి, ఎంత బయటికి వస్తోందో కొలిచి ఇస్తాడు. ఆయుధాల చట్టం, 1959లో సెక్షన్ 5 తయారీ, అమ్మకాలతోపాటు రిపేరుకి కూడా లైసెన్సుండాలంటుంది. లేత్ షాపు కుర్రాడికి ఈ సంగతి చెప్పకండి, అనవసరంగా భయపడతాడు. మీరూ మరిచిపోండి.

స్ప్రింగు సంగతి రెండు ముక్కల్లో. జిగురు వదిలించకుండా ఇంకా బలమైన స్ప్రింగు వేయించండి. జిగురుని ఓడించడానికి సరిపడా బలం వచ్చినరోజున ప్రైమర్‌ని చీల్చడానికి కూడా సరిపోతుంది. ఖాళీ తుపాకీతో టకటకమని ట్రిగ్గర్లు నొక్కి పిల్లలకి చూపించండి. డమ్మీ తూటాలు పెట్టి నొక్కేవాళ్ళ పిన్నులు ఎంతకీ విరగవు, మీవి విరుగుతాయి.

పిన్నులో ఏ లోపమూ లేకపోయినా చిల్లు పడే దారి ఇంకొకటుంది. గొట్టాలకీ ఉక్కు ముఖానికీ మధ్య సందు. వేల తూటాలు పేలినకొద్దీ కీలు అరుగుతుంది, గొట్టాలు ముఖాన్ని విడుస్తాయి. అప్పుడు పిన్ను కొట్టగానే తూటా కాస్త ముందుకి జారుతుంది, మందు అంటుకోగానే తూటాకంటే ముందు ప్రైమర్ వెనక్కి తన్నుకొస్తుంది, ఆసరా లేనిచోట రేకు సాగి చిరుగుతుంది. తూటా అంచు కూర్చునే గూడు లోతెక్కువైనా ఇదే తంతు. దీన్ని కనిపెట్టే పద్ధతి మహా తేలిక: తుపాకీ ఖాళీయేనని చూసుకుని, గొట్టాల కిందున్న ముందు చెక్క తీసేసి, మూసి, గొట్టాల్ని అటూ ఇటూ కదిపి చూడటం, సందులోంచి వెలుతురు కనిపిస్తుందేమోనని కిటికీకెదురుగా పట్టి చూడటం. మీరు చెక్క తియ్యకుండానే ఊపండి. చెక్క బిగువుకి ఎంత వదులు తుపాకీ అయినా రాయిలా ఉంటుంది. "మా తుపాకీ ఇప్పటికీ కొత్తదే" అని నలుగురికీ చెప్పుకోవచ్చు.

ఒకవేళ కదిలిందే అనుకోండి. కీలు పిన్ను కొత్తది వేయించడం, గొట్టాల కింద కొక్కేనికి లోహం చేర్చి మళ్ళీ ముఖానికి సరిచెయ్యడం, ఇవి నెలల పని. సుత్తితో కొక్కెం అంచుని నాలుగు దెబ్బలు కొడితే లోహం సాగి ఆ పూటకి బిగుస్తుంది. అమ్మబోయే ముందు చేసే పని ఇదే. కొనుక్కున్నాయన దసరాకో తూటా పేలుస్తాడు, సంక్రాంతికి మళ్ళీ వదులవుతుంది, అప్పటికి తుపాకీ మీది కాదు.

తూటాల ఎంపికలో అయితే ఇంకా స్వేచ్ఛ ఉంది, కొంచెం నిదానించి వినండి.

పాత ఇంగ్లీషు తుపాకుల్లో ఎక్కువమటుకు బర్మింగ్‌హామ్ సరుకే. పైన కలకత్తా మాంటన్ కంపెనీ పేరో, రోడ్డా కంపెనీ పేరో చెక్కి ఉన్నా, కింద వేరే కథ ఉంటుంది. గొట్టాలు విడదీసి తిరగేస్తే, వెనక చివర చదునుగా ఉన్న భాగం మీద చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసినవి కావచ్చు, అంతకన్నా పాతదైన లండన్ వాళ్ళవి కావచ్చు. మామూలు మోతాదుకి మించిన మందుతో పేల్చి, తట్టుకుంటేనే వేసే ముద్రలు. వాటిలో పొగరాని మందుకి నైట్రో ప్రూఫ్ అని ఉందా, నల్ల తుపాకిమందుకి మాత్రమేనా, ఎన్ని ఔన్సుల గుళ్ళకి, 1954 నిబంధనల ప్రూఫ్ అయితే ఒత్తిడి చదరపు అంగుళానికి 3 టన్నులా, ఎంతా, అన్నీ ఉంటాయి. 1925 నిబంధనల కింద ప్రూఫ్ అయినవాటి మీద చాంబర్ (తూటా కూర్చునే గది) పొడవు కూడా ఉంటుంది. రెండున్నర అంగుళాలని కనిపిస్తే అది 65 మిల్లీమీటర్ల తూటా కోసమన్నమాట.

చదవకండి. గొట్టాలు విడదీస్తే మళ్ళీ పట్టించడం తలనొప్పి. కొట్టుకెళ్ళి 70 మిల్లీమీటర్లవి, వీలైతే మ్యాగ్నమ్ అని రాసినవి అడగండి. దిగుతాయా అని అనుమానమొస్తే ఒకటి పెట్టి చూడండి, చక్కగా దిగుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. ఎందుకంటే పెట్టె మీద రాసిన పొడవు తూటా పేలి, మడత విప్పుకున్నాక ఉండే పొడవు. మూతి మడిచి ఉన్నప్పుడు పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చాంబర్‌లో చోటు చాలదు, గొట్టం సన్నబడేచోటికి పొడుచుకుపోయి గుళ్ళకీ గ్యాసుకీ దారి ఇరుకు చేస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడికి బలహీనంగా ఉన్నచోటు మొదట బయటపడుతుంది. చిల్లు పడ్డ ప్రైమర్ కొంతవరకు నయం, అది చెప్పి పోతుంది. గొట్టం అలా కాదు. ఇనుము, ఉక్కు పట్టీలు పెనవేసి, చుట్టి, అతికించి చేసిన డమాస్కస్ గొట్టాల మీద నీటి అలల చారలుంటాయి, ఎంతో అందంగా ఉంటాయి. నల్ల తుపాకిమందు రోజుల్లో ప్రూఫ్ అయి, తరవాత మళ్ళీ పరీక్షకి నోచుకోని ఆ గొట్టాన్ని మీ ఎడమచెయ్యి ఎక్కడ పట్టుకుంటుందో ఒకసారి చూసుకోండి. చూసుకున్నాక మరిచిపోండి.

ఇవేమీ దొరక్కపోతే తాతగారి ట్రంకుపెట్టె అడుగున ఇత్తడి పచ్చబడిన అట్ట తూటాలు ఉంటాయి. చెమ్మకి అట్ట ఉబ్బింది, సరే, కత్తితో గీకితే దిగుతాయి. ఆ కాలపు ప్రైమర్లు కొన్నింటిలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలే ఉప్పు గాలిలో తేమ పీల్చుకుని ఉక్కుని తింటుంది, అందుకే పాతకాలం వాళ్ళు గొట్టాల్ని వేణ్ణీళ్ళతో కడిగేవారు. ప్రైమర్‌కి చిల్లు పడితే ఆ ఉప్పు గొట్టంలోనే కాదు, లాకు లోపల, మీ చెయ్యి చేరనిచోట కూడా పడుతుంది. కడగడానికి వీలుండదు కాబట్టి ఆ శ్రమ తప్పింది.

చిల్లుని తూటా వైపు నుంచే అరికట్టే ఉపాయాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. ప్రైమర్ మీద గోళ్ళరంగు పుయ్యడం, ప్లాస్టర్ ముక్క అంటించడం. నేను వీటిని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఉక్కు పిన్నుకీ 740 బార్లకీ మధ్య గోళ్ళరంగు నిలబడాలన్న ఆశ ఎంత గొప్పది! ప్లాస్టర్ ముందు చిరిగి, జిగురు పిన్నుకి అంటి, పైన చెప్పిన కొబ్బరినూనెతో కలుస్తుంది.

ఇలా కొంతకాలం గడిచాక మీకు విసుగొచ్చి, పిన్ను మొనని అరగదీసి పొట్టి చేస్తారు. చిల్లు ఆగిపోతుంది. పేలడం కూడా ఆగిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, అంతే. పిరికివాళ్ళు ఇలాంటప్పుడు గొట్టాన్ని మనుషుల్లేని వైపుకే పట్టుకుని, కదలకుండా కనీసం అర నిమిషమైనా ఆగి, ఆ తరవాత మొహం పక్కకి పెట్టి తెరుస్తారు. సరిగా దెబ్బ తగలని ప్రైమర్ కాసేపు నిదానంగా రాజుకుని ఆలస్యంగా పేలవచ్చని వాళ్ళ భయం. ధైర్యస్థులు వెంటనే తెరిచి వంగి చూస్తారు. అలాంటి ధైర్యస్థులు ప్రతి తాలూకాలో ఒకరిద్దరుండేవారు. వాళ్ళ ఇళ్ళకెళ్తే గోడ మీద ఫొటో, ఫొటోలో మీసాలు, మీసాల పైన ఒకవైపు నల్లటి కళ్ళద్దం కనిపిస్తాయి.

ఇంత చెప్పినా ఇంట్లో ఎవరో ఒకరు గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళమని పోరుతూనే ఉంటారు. వెళ్ళక తప్పని పరిస్థితే వస్తే, కనీసం తయారై వెళ్ళండి. ముందురోజు రాత్రి ఎమరీ పేపరుతో ఉక్కు ముఖాన్ని తళతళలాడేలా తోమండి, మసి వలయాలు, గరుకు, ఏ ఆనవాలూ మిగలకూడదు. గొట్టాల కింది ముద్రల మీద కూడా రెండు పట్లు పట్టండి, మెరుస్తాయి. చిల్లు పడ్డ తూటా ఒక్కటి కూడా వెంట తీసుకెళ్ళకండి. పెట్టె కూడా వద్దు, దాని మీద పొడవు, గుళ్ళ బరువు రాసి ఉంటాయి. ఏ గొట్టమని అడిగితే "అప్పుడప్పుడూ" అనండి. ఎప్పట్నించి అంటే "మొన్నట్నించే" అనండి.

ఆయన మాట్లాడకుండా ముందు చెక్క తీసి, గొట్టాల్ని ఒకసారి ఊపి, కిటికీ వైపు తిరుగుతాడు. తరవాత పిన్ను మొనని గోటితో తడిమి, మరల గాడుల్ని చూసి, తలెత్తి అడుగుతాడు, దీన్ని ఎవరు విప్పారని. కళ్ళలోకి చూసి చెప్పండి:

"ఎవరూ ముట్టుకోలేదండీ. బర్మింగ్‌హామ్ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది."